ఫైటర్ పైలట్, ఎమ్మెల్యే, ఎంపీ, మళ్లీ ఎమ్మెల్యే: ఉత్తమ్ దారిలో తేదీల లెక్క

హుజూర్‌నగర్ ఎమ్మెల్యే 2019లో ఎంపీగా గెలిచి అసెంబ్లీకి రాజీనామా చేస్తే ఐదు నెలలు తిరగకముందే అక్కడ ఉప ఎన్నిక జరిగింది. నల్లగొండ ఎంపీ 2023 డిసెంబరులో ఎమ్మెల్యేగా గెలిచి లోక్‌సభకు రాజీనామా చేస్తే ఆ సీటు తర్వాతి సాధారణ ఎన్నికల దాకా ఖాళీగానే ఉండిపోయింది. రెండుసార్లూ మనిషి ఒకరే, ఎన్. ఉత్తమ్ కుమార్ రెడ్డి. ఒకసారి ఉప ఎన్నిక ఎందుకొచ్చింది, రెండోసారి ఎందుకు రాలేదు? రెండు పదవుల్లో ఒకటి వదలక తప్పదని ఎక్కడ రాసుంది? అసలు యూనిఫాం వేసుకున్న మనిషి ఏ రోజు నుంచి ఓటు అడగొచ్చు? కోదాడ, సూర్యాపేట హోటళ్ల దగ్గర ఈ ప్రశ్నలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి వినిపిస్తాయి. విడదీసి చూస్తే ప్రతిదానికీ ఒక తేదీ, ఒక నిబంధన దొరుకుతాయి.

ముందు దారి చూద్దాం. 1962లో పుట్టిన ఉత్తమ్ వాయుసేనలో మిగ్-21, మిగ్-23 యుద్ధ విమానాలు నడిపారు. తర్వాత రాష్ట్రపతి భవన్‌లో అధికారిగా పనిచేశారు. 1994లో కోదాడ నుంచి కాంగ్రెస్ తరఫున నిలబడి ఓడిపోయారు. 1999లో, 2004లో అక్కడే గెలిచారు. నియోజకవర్గాల పునర్విభజన తర్వాత హుజూర్‌నగర్‌కు మారి 2009, 2014, 2018లో గెలిచారు. 2019లో నల్లగొండ లోక్‌సభ, 2023లో మళ్లీ హుజూర్‌నగర్. మధ్యలో కిరణ్ కుమార్ రెడ్డి మంత్రివర్గంలో గృహనిర్మాణం చూశారు, 2015 నుంచి 2021 దాకా పీసీసీ అధ్యక్షుడిగా ఉన్నారు. 2023 డిసెంబరు నుంచి రాష్ట్ర నీటిపారుదల, పౌర సరఫరాల మంత్రి. ఇంత పొడవైన జాబితాలో పార్లమెంటు సభ్యత్వం నాలుగున్నరేళ్లు మాత్రమే. ఆ నాలుగున్నరేళ్లకు మొదట్లోనూ చివర్లోనూ పడిన ముడులే అన్నిటికన్నా చిక్కనివి.

యూనిఫాం విప్పే తేదీ

సర్వీసులో ఉన్న సైనికుడికి ఓటు హక్కు ఉంది, పోటీ చేసే హక్కు లేదు. సైనికుల ప్రాథమిక హక్కులను చట్టం ద్వారా కుదించే అధికారం రాజ్యాంగం 33వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది. దాని కింద 1950 నాటి ఆర్మీ చట్టం, వాయుసేన చట్టం వచ్చాయి. 1954 ఆర్మీ రూల్స్‌లో 20వ నిబంధన సూటిగా ఉంటుంది: పార్టీలో చేరకూడదు, చందా ఇవ్వకూడదు, రాజకీయ సభకు పోకూడదు, అభ్యర్థినని గానీ కాబోయే అభ్యర్థినని గానీ బయట చెప్పుకోకూడదు, తన పేరు అలా ప్రకటిస్తుంటే ఊరుకోకూడదు కూడా. సెలవు మీద ఊరికొచ్చిన హవల్దార్ బొమ్మను కాబోయే సర్పంచ్ అని మిత్రులు ఫ్లెక్సీ కట్టినా చిక్కు ఆయనకే.

అందుకే ముందు సర్వీసు నుంచి బయటపడాలి. ఇక్కడ చాలామంది రాజీనామా కాగితం ఇచ్చిన రోజును లెక్కపెట్టుకుంటారు. చట్టం చూసేది నామినేషన్ల పరిశీలన రోజును. ఆ రోజుకి అభ్యర్థి ప్రభుత్వం కింద లాభదాయక పదవిలో ఉండకూడదని 102వ అధికరణం చెబుతుంది. దరఖాస్తు పెట్టి, ఆమోదం ఇంకా రాకుండా నామినేషన్ వేస్తే రిటర్నింగ్ అధికారి బల్ల మీదే కథ ముగుస్తుంది. చేతిలో ఉండాల్సింది ఆమోదించిన విడుదల ఉత్తర్వు, దాని మీద పరిశీలన రోజుకన్నా ముందు తేదీ. పింఛను మీద ఉన్నవాళ్లకు ఈ బాధ లేదు. పింఛను గడిచిన సేవకు వచ్చేది, పదవి కిందికి రాదు.

కొలువు నుంచి తీసేసిన వాళ్లకూ తామే వదిలి వచ్చిన వాళ్లకూ తేడా ఉంది. ప్రభుత్వ కొలువు నుంచి డిస్మిస్ అయి ఐదేళ్లు దాటకపోతే, అవినీతి వల్ల గానీ రాజ్యద్రోహం వల్ల గానీ తీసేయలేదని ఎన్నికల సంఘం ఇచ్చే సర్టిఫికెట్‌ను నామినేషన్‌కు జత చేయాలి. ప్రజాప్రాతినిధ్య చట్టం 33(3) ప్రకారం అది లేని నామినేషన్ చెల్లదు. 2019లో వారణాసిలో మాజీ బీఎస్ఎఫ్ జవాను తేజ్ బహదూర్ యాదవ్ నామినేషన్ పోయింది ఇక్కడే. సుప్రీంకోర్టు దాకా వెళ్లినా 2020 నవంబరులో ఆయన వాదన నిలవలేదు.

ఓటరు జాబితాలో ఇంకో చిల్లు ఉంటుంది. సర్వీసులో ఉన్నంతకాలం పేరు సొంతూరి జాబితా చివర సర్వీసు ఓటర్ల భాగంలో ఉంటుంది. రిటైరయ్యాక అది తీయించి, ఉంటున్న చోట ఫారం 6 పెట్టి సాధారణ ఓటరుగా చేరాలి. చాలామంది రెండోది చేసి మొదటిది మరుస్తారు, పేరు రెండు చోట్లా ఉండిపోతుంది. లోక్‌సభకు దేశంలో ఏ నియోజకవర్గంలో ఓటరైనా ఎక్కడినుంచైనా పోటీ చేయొచ్చు. కాకపోతే ఓటు వేరే చోట ఉంటే ఆ జాబితా సర్టిఫైడ్ నకలు ఇవ్వాలి. మిగతాది అందరికీ ఒకటే: ఫారం 2ఏ నామినేషన్, ఫారం 26 అఫిడవిట్, 25 వేల డిపాజిట్, ఎస్సీ, ఎస్టీలకు అందులో సగం. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు చాలు, ఇండిపెండెంటుకు పది మంది కావాలి. పార్టీ ఇచ్చే ఏ, బీ ఫారాలు నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం 3 గంటల్లోపు అందాలి. వయసు 25 నిండాలి. పదిహేడున్నరకు అగ్నివీర్‌గా చేరి నాలుగేళ్లకు బయటికొచ్చిన కుర్రాడు ఇంకో మూడున్నరేళ్లు ఆగాల్సిందే.

విడుదలైన మర్నాడే పార్టీ కండువా కప్పుకోవచ్చా? కప్పుకోవచ్చు, రాజకీయాలకు విరామ కాలం పెట్టే చట్టమేదీ లేదు. ఆర్మీ చీఫ్‌గా జనరల్ వి.కె. సింగ్ 2012 మే 31న రిటైరయ్యారు, 2014 మార్చిలో బీజేపీలో చేరారు, మే నాటికి గాజియాబాద్ ఎంపీ. పెద్ద హోదాలవాళ్లు ప్రైవేటు కంపెనీలో చేరడానికి అనుమతి గడువు ఉండి పార్టీలో చేరడానికి ఏమీ లేకపోవడం మాకైతే తలకిందుల లెక్కలాగే కనిపిస్తుంది. ప్రచారంలో మాత్రం హద్దు ఉంది. సైనికుల ఫొటోలు పోస్టర్ల మీద వాడొద్దని ఎన్నికల సంఘం 2013 డిసెంబరులో చెప్పింది, 2019 మార్చిలో మళ్లీ గుర్తుచేసింది.

హోదా ఇచ్చేదెంత, ఊరు ఇచ్చేదెంత

సైన్యం పట్ల నల్లగొండ జ్ఞాపకం మిగతా దేశం లాంటిది కాదు. 1948 సెప్టెంబరులో నిజాం మీదికి వచ్చిన సైన్యమే తర్వాత మూడేళ్లు ఇక్కడి కమ్యూనిస్టు సాయుధ దళాలను వేటాడింది. 1951 అక్టోబరులో పోరాటం విరమించారు. కొద్ది నెలలకే జరిగిన మొదటి లోక్‌సభ ఎన్నికల్లో ఇదే నల్లగొండ, కమ్యూనిస్టుల వేదిక పీడీఎఫ్ అభ్యర్థి రావి నారాయణరెడ్డికి 3 లక్షల 9 వేల పైచిలుకు ఓట్లేసింది. నెహ్రూకు వచ్చిన ఓట్లకన్నా అవి ఎక్కువ. ఆ తర్వాత కూడా ధర్మభిక్షం, సురవరం సుధాకర్‌రెడ్డి లాంటి కమ్యూనిస్టులను పంపిన సీటు ఇది. ఇలాంటి చోట పేరు ముందు కెప్టెన్ అని ఉన్నంత మాత్రాన ఓట్లు రాలవు.

అంకెలు కూడా అదే చెబుతున్నాయి. వాయుసేన నుంచి వచ్చిన కొత్తలో, అంటే ఆ గుర్తింపు అన్నిటికన్నా తాజాగా ఉన్న 1994లోనే ఆయన ఓడారు. సాగర్ ఎడమ కాల్వ ఆయకట్టు ఊళ్లలో ఐదేళ్లు తిరిగాక గెలిచారు. ఆ గెలుపు ఇంట్లోవాళ్లకైనా తేలిగ్గా బదిలీ కాలేదు. ఆయన భార్య పద్మావతి 2014లో కోదాడలో గెలిచారు, 2018లో వెయ్యి ఓట్లలోపు తేడాతో ఓడారు, 2019 హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో టీఆర్ఎస్ అభ్యర్థి శానంపూడి సైదిరెడ్డి చేతిలో 43 వేల పైచిలుకు తేడాతో ఓడారు, 2023లో కోదాడ తిరిగి గెలుచుకున్నారు. పది నెలల కిందటే భర్తను ఏడు వేల పైచిలుకు మెజారిటీతో గెలిపించిన నియోజకవర్గం 2019లో అలా తిరగబడింది. హోదాకు పనితనం ఉంటే అది టికెట్ దగ్గర, ఢిల్లీలో అధిష్ఠానం తలుపు దగ్గర. పోలింగ్ బూతు దగ్గర దాని పాలు తక్కువ.

2019 జూన్‌లో ఒక్క సంఖ్య

అసలు ముడి ఇది. 2018 అసెంబ్లీ ఎన్నికల్లో 119 సీట్లలో కాంగ్రెస్‌కు 19 వచ్చాయి. 2019 మేలో 17 లోక్‌సభ స్థానాల్లో మూడు వచ్చాయి: మల్కాజ్‌గిరి, భువనగిరి, నల్లగొండ. నల్లగొండలో ఉత్తమ్ 25 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. అప్పటికి ఆయన హుజూర్‌నగర్ ఎమ్మెల్యే, పీసీసీ అధ్యక్షుడు కూడా.

ఒకే మనిషి రెండు సభల్లో ఉండకూడదని 101(2) అధికరణం. గడువు ఎంతో 1950 నాటి నిబంధనల్లో ఉంది: గెలిచినట్టు గెజిట్‌లో వచ్చిన నాటి నుంచి 14 రోజులు. ఆలోపు రాష్ట్ర శాసనసభ సీటు వదలకపోతే పార్లమెంటు సీటు దానంతట అదే పోతుంది. పోయేది ఎమ్మెల్యే పదవేనని చాలామంది అనుకుంటారు, నిబంధన తిరగేసి ఉంది. ఏమీ చేయకుండా కూర్చున్నవాళ్లు ఢిల్లీని పోగొట్టుకుంటారు. కాబట్టి ఎంపీగా ఉండాలనుకున్న ఉత్తమ్ జూన్ మొదటి వారంలో హుజూర్‌నగర్ వదిలారు.

దాంతో అసెంబ్లీలో కాంగ్రెస్ బలం 19 నుంచి 18కి దిగింది. పార్టీ ఫిరాయింపులను అడ్డుకునే రాజ్యాంగం పదో షెడ్యూలు ప్రకారం శాసనసభా పక్షంలో మూడింట రెండు వంతులు విలీనానికి ఒప్పుకుంటే వాళ్ల మీద అనర్హత వేటు పడదు. 19కి మూడింట రెండు వంతులంటే 12.67, అంటే 13 మంది కావాలి. 18కి సరిగ్గా 12. జూన్ 6న 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు టీఆర్ఎస్‌లో విలీనం కోరారు, స్పీకర్ ఒప్పుకున్నారు. పీసీసీ అధ్యక్షుడు ఎంపీగా గెలవడమే ఆ పార్టీకి ప్రతిపక్ష హోదా పోవడానికి చివరి అంకె అయింది. ఆయన రాజీనామా చేయకపోతే వాళ్లు ఆగేవారా అంటే, పదమూడో మనిషిని వెతికేవారేమో. కానీ వెతకాల్సిన పని పడలేదు. 14 రోజుల గడువు ఒక పక్క, మూడింట రెండు వంతుల లెక్క ఇంకో పక్క, రెండూ ఒకే వారంలో వచ్చి కలిశాయి.

తర్వాత ఉప ఎన్నిక. ఖాళీ అయిన ఆరు నెలల్లో ఎన్నిక పెట్టాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 151ఏ సెక్షన్ చెబుతుంది. మిగిలిన కాలం ఏడాది కన్నా తక్కువైతే అక్కర్లేదని అందులోనే మినహాయింపు. హుజూర్‌నగర్‌కు నాలుగేళ్లకు పైగా ఉంది కాబట్టి 2019 అక్టోబరు 21న పోలింగ్ పెట్టారు. 2023 డిసెంబరు నాటికి లోక్‌సభకు మిగిలింది సుమారు ఆరు నెలలు, 2024 జూన్ 16తో దాని కాలం తీరుతుంది. అందుకే నల్లగొండకు ఉప ఎన్నిక లేదు. అదే నెలలో రేవంత్ రెడ్డి మల్కాజ్‌గిరిని, కోమటిరెడ్డి వెంకట్ రెడ్డి భువనగిరిని ఇలాగే వదిలారు. ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని రెండు లోక్‌సభ సీట్లూ ఒకేసారి ఖాళీ అయ్యి, ఇద్దరు ఎంపీలూ రాష్ట్ర మంత్రులయ్యారు. 2024లో నల్లగొండ నుంచి కాంగ్రెస్ అభ్యర్థి కుందూరు రఘువీర్ రెడ్డి ఐదున్నర లక్షలకు పైగా మెజారిటీతో గెలిచారు. బీజేపీ తరఫున ఓడింది ఎవరో కాదు, హుజూర్‌నగర్ ఉప ఎన్నిక గెలిచిన సైదిరెడ్డే.

ఎంపీగా చేతిలో ఏముంటుంది

దేవరకొండ, నాగార్జునసాగర్, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ, సూర్యాపేట, నల్లగొండ. ఈ ఏడు సెగ్మెంట్లకూ ఎంపీ లాడ్స్, అంటే స్థానిక పనులకు ఎంపీ సిఫారసు చేసే నిధి, ఏడాదికి 5 కోట్లు. అందులో కనీసం 15 శాతం ఎస్సీలు, ఏడున్నర శాతం ఎస్టీలు ఉండే ప్రాంతాలకు పోవాలి. కరోనా పేరుతో కేంద్రం 2020 ఏప్రిల్‌లో ఈ నిధిని ఆపేసింది. 2021 నవంబరులో తిరిగి తెరిచి ఆ ఏడాదికి 2 కోట్లే ఇచ్చింది. అంటే 17వ లోక్‌సభ ఎంపీకి ఐదేళ్లలో రావాల్సిన 25 కోట్లు కాగితం మీదే 17 కోట్లయ్యాయి. ఏడు సెగ్మెంట్లకు పంచితే ఒక్కోదానికి రెండున్నర కోట్లు కూడా రావు. బోర్డు మీద ఎంపీ పేరున్న సీసీ రోడ్డు ఎందుకంత పొట్టిగా ఉందో ఈ లెక్కే చెబుతుంది.

రక్షణ విషయాల్లో అనుభవం ఉన్న ఎంపీ అసలు ఉపయోగపడేది పార్లమెంటు స్థాయీ సంఘంలో, అక్కడ అధికారులను కూర్చోబెట్టి అడగొచ్చు. దానికీ పరిమితి ఉంది. రిటైర్డ్ మేజర్ జనరల్ బి.సి. ఖండూరి అధ్యక్షుడిగా ఉన్న రక్షణ స్థాయీ సంఘం 2018 మార్చిలో ఇచ్చిన నివేదికలో, ఆర్మీ ఆయుధ సామగ్రిలో 68 శాతం కాలం చెల్లినదేనన్న సైన్యం మాట నమోదైంది. అదే ఏడాది సెప్టెంబరులో ఆ కుర్చీలోకి ఇంకొకరు వచ్చారు. ఖండూరి అప్పటి అధికార పార్టీ ఎంపీయే. సభలో ఓటు దగ్గరికొస్తే విప్ దాటలేరు, దాటితే పదో షెడ్యూలు ఉండనే ఉంది. ఇరవై ఏళ్లు యుద్ధ విమానం నడిపినవారైనా, మిల్లు నడిపినవారైనా మీట నొక్కేది పార్టీ చెప్పినట్టే.

ఉత్తమ్ ఎంపీగా ఉన్న కాలంలోనే, 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో కర్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు చనిపోయారు. ఆయనది సూర్యాపేట, నల్లగొండ లోక్‌సభ పరిధిలోని ఊరు. 16 బిహార్ రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసర్, తర్వాత మహావీర్ చక్ర ఇచ్చారు. ఆ పతకం కేంద్రం ఇచ్చేది. కుటుంబానికి 5 కోట్లు, హైదరాబాద్‌లో ఇంటి స్థలం, భార్యకు గ్రూప్-1 కొలువు ఇచ్చింది రాష్ట్రం. యుద్ధం, జీతం, పింఛను ఢిల్లీవి. భూమి, కొలువు, ఇంటి స్థలం హైదరాబాద్‌వి. మాజీ సైనికులకు ఈ గీత తెలియక ఏళ్లకు ఏళ్లు తప్పు గడప దగ్గర పోతాయి.

2023లో ఎంపీ పదవి వదిలి రాష్ట్రానికి రావడాన్ని మెట్టు దిగినట్టు చూసేవాళ్లున్నారు. మేం అలా అనుకోం. ప్రతిపక్ష ఎంపీకి లేనిది రాష్ట్ర మంత్రికి ఉంటుంది, ఫైలు మీద సంతకం. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్ఎల్‌బీసీ సొరంగంలో, ముఖద్వారం నుంచి దాదాపు 14 కిలోమీటర్ల లోపల పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకున్నారు. శ్రీశైలం నీళ్లను నల్లగొండకు తేవాల్సిన ఆ సొరంగం పొడవు దాదాపు 44 కిలోమీటర్లు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం కింద పోతుంది కాబట్టి మధ్యలో ఇంకో దారి తవ్వలేదు, లోపలికి పోవడానికైనా రావడానికైనా అదొక్కటే. సైన్యం, నౌకాదళం, ఎన్డీఆర్ఎఫ్, సింగరేణి బృందాలు దిగినా ఇద్దరి మృతదేహాలే దొరికాయి. ఆ పని చూసిన శాఖ మంత్రి ఉత్తమ్. తర్వాత సైన్యంలో సొరంగాల పని చేసిన మాజీ ఇంజినీర్లను శాఖకు సలహాదారులుగా తెచ్చుకున్నారు. పాత కొలువు అలవాటు నాలుగున్నరేళ్ల లోక్‌సభలోకన్నా ఇక్కడే ఎక్కువ కనిపిస్తుంది.

ఇక పింఛన్ల సంగతి, దీని మీద పుకార్లు ఎక్కువ. మాజీ ఎంపీ పింఛను, సైనిక పింఛను రెండూ కలిపి తీసుకోవచ్చు, చట్టమే ఒప్పుకుంటుంది. కానీ మాజీ ఎంపీ ఏదైనా రాష్ట్ర శాసనసభలో సభ్యుడిగా ఉన్నంతకాలం ఎంపీ పింఛను ఆగుతుంది. సైనిక పింఛనుకు జవాన్లకు 15 ఏళ్లు, అధికారులకు 20 ఏళ్ల సర్వీసు నిండాలి. ముందే వదిలి రాజకీయాల్లోకి వచ్చిన అధికారికి పేరు ముందు హోదా ఉంటుంది గానీ నెలనెలా పింఛను ఉండకపోవచ్చు.

సామాన్య మాజీ జవాను దగ్గరికి వద్దాం. సైనిక పింఛన్లు చెల్లించే ఆన్‌లైన్ వ్యవస్థ స్పర్శ్‌లో పింఛను ఆగిపోతే ఎంపీ ఉత్తరం పట్టుకుని తిరిగేవాళ్లు ఎక్కువ. చాలాసార్లు కారణం చిన్నది: నవంబరులో ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోవడం, లేదా ఆధార్‌లో భార్య పేరు ఒకలా, పింఛను మంజూరు ఉత్తర్వు (పీపీఓ)లో ఇంకోలా ఉండటం. పేరు మార్చేది రికార్డు ఆఫీసు. ఆర్మీలో యంత్రాల మరమ్మతు చూసే ఈఎంఈ, ఆయుధ సామగ్రి చూసే ఏఓసీ విభాగాల వాళ్ల రికార్డు ఆఫీసులు సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. ఎంపీ ఉత్తరం చివరికి అక్కడికే చేరుతుంది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా నేరుగా పంపితే ఆ తిరిగే కాలం మిగులుతుంది. ప్రభుత్వం మాజీ సైనికుడి కోటాలో ఇచ్చిన భూమి సంగతి వేరు. పదేళ్లు దాటాక అమ్ముకోవచ్చు, కానీ సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉంటే సబ్ రిజిస్ట్రార్ ముట్టుకోరు, కలెక్టర్ నుంచి ఎన్ఓసీ కావాలి. ఫైలు ఆగేది ఎక్కువగా ఒకే చోట: ఆ పట్టా సైనిక కోటాలో ఇచ్చిందా, భూమిలేని పేదల కోటాలో ఇచ్చిందా అన్నది తహసీల్దార్ దగ్గరి పాత అసైన్‌మెంట్ ఫైల్లో తేలకపోవడం. ముందు ఆ ఫైలు నకలు సమాచార హక్కు కింద తీసుకుని, డిశ్చార్జి బుక్కు జత చేసి, అప్పుడు దరఖాస్తు పెట్టాలి. ఇందులో ఎంపీ చేయగలిగింది ఏమీ లేదు. ఎమ్మెల్యే అయితే కలెక్టర్‌కు ఫోన్ చేయగలరు, ఫైలు దొరికి ఉంటేనే.